బాటనీ సారు ఎడమ చెంప

నేను కోపిష్టిని. ఆళ్లగడ్డలో మా శిల్పుల వీధిలో ఎవరినైనా అడగండి, ఓబులాచారి దగ్గరికి పోవాలంటే ఆయన పొద్దున టీ తాగాక పొమ్మని చెప్తారు. ఎవరో చెక్కిన విగ్రహాన్ని ఫోన్‌లో చూపించి "ఇట్లాంటి మొగమే కావల్ల" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లుగా దేవుళ్లను చెక్కుతున్నాను. నా చేతి లక్ష్మీదేవులు, నరసింహస్వాములు ఎన్ని ఊళ్లలో పూజలందుకుంటున్నారో నాకే లెక్క తెలియదు. అలాంటి నన్ను ఒకావిడ రెండు ముక్కలతో నోరు మూయించింది. ఆవిడ మా బాటనీ సారు భార్య, లూదియా టీచరమ్మ. అప్పటికి సారు పోయి పదకొండు నెలలు.

సారు పేరు యెషయా. నంద్యాల కాలేజీలో ముప్పై మూడేళ్లు బాటనీ చెప్పారు. గది తలుపు మీద ప్రొఫెసర్ యెషయా అని పలక ఉండేది గానీ ఆ మాట ఎవరి నోటా రాలేదు. అందరికీ బాటనీ సారే. పుట్టింది దొర్నిపాడు పక్కన ఒక పల్లెలో. వాళ్ల నాయన ఆరు రోజులు పత్తి చేలల్లో కూలికి పోయి, ఏడో రోజు చర్చి గంట కొట్టేవాడు. సారు హాస్టళ్లలో చదువుకుని పైకొచ్చారు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు కాదు, దాచుకునేవారూ కాదు. ఎవరైనా అడిగితే చెప్పేవారు, అంతే.

ఉద్యోగం నంద్యాలలో, కాపురం ఆళ్లగడ్డలో. టీచరమ్మకు ఆళ్లగడ్డ బడిలో పని. పైగా ఆమె తల్లికి పక్షవాతం, మంచంలో ఉండేది. "నువ్వు ఈడనే ఉండు, తిరిగేది నేను తిరుగుతా" అన్నారట సారు పెళ్లయిన కొత్తలో. అన్న మాట ప్రకారం ఇరవై ఏడేళ్లు తిరిగారు. పొద్దున ఏడున్నర బస్సు, సాయంత్రం ఐదింటి బస్సు. ఎడమ పక్క కిటికీ సీటు ఆయనది. శిరివెళ్ల దాటాక రోడ్డు పక్కన ఏదైనా కొత్త మొక్క పూసి కనపడితే చాలు, "అప్పా, ఒక్క నిమిషం ఆపు" అని డ్రైవర్‌ను అడిగి దిగిపోయేవారు. మొదట్లో జనం తిట్టుకున్నారు. రెండేళ్లు గడిచేసరికి వాళ్లే చేలగట్ల మీది మొక్కలు పీక్కొచ్చి "సారూ, ఇదేం చెట్టు?" అని అడగడం మొదలుపెట్టారు. కండక్టర్‌తో సహా.

నేను ఆయన దగ్గర చదివింది మూడేళ్లు. మా నాయనకు రాతిదుమ్ముతో దగ్గు పట్టుకుంది. కొడుక్కి ఆ దగ్గు రాకూడదని నన్ను బీఎస్సీలో వేశాడు. పాఠాల సంగతి దేవుడెరుగు, బొమ్మలు వేయడం నాకు పుట్టుకతో వచ్చిన పని. మొదటి వారం రికార్డులో మందారం ఆకు వేయమన్నారు. నేను వేసిన ఆకు చూసి క్లాసంతా నోరు తెరిచింది. ఈనెలు ఎంత చక్కగా వచ్చాయంటే, అచ్చువేసిన పుస్తకంలో కూడా అట్లా ఉండవు. సారు నా రికార్డు చూశారు, నా ముందున్న ఆకు చూశారు.

"ఏందప్పా ఓబులూ, ఈ ఆకుకు ఈడ పురుగు కొరికిన బొక్క ఉండాది గదా. నీ బొమ్మలో యాడికి పోయింది?"

"అది లోపం గదా సార్. అందుకని తీసేసినా."

"తీసేదానికి నువ్వెవరు? ఉండేది గీయి."

సంతకం పెట్టలేదు. మళ్లీ వేశాను, బొక్కను చిన్నది చేసి. పెట్టలేదు. ఇంకోసారి వేశాను, బొక్కను గుండ్రంగా అందంగా చేసి. అప్పుడూ పెట్టలేదు. నాలుగోసారి కసి పట్టి, పురుగు ఎట్లా కొరికిందో అట్లాగే అడ్డదిడ్డంగా గీసి బల్ల మీద పడేశాను. సారు సంతకం పెట్టారు. ఆ మూడేళ్లూ ప్రతి వారం ఆయన బల్లకు ఎడమ పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. కళ్లలోకి చూసే ధైర్యం ఉండేది కాదు. ఆయన దగ్గర ఎప్పుడూ లవంగాల వాసన వచ్చేది. ఇప్పటికీ మా బ్యాచ్‌లో ఎవరికైనా లవంగం వాసన తగిలితే రికార్డు పూర్తి కాలేదన్న భయం పుడుతుంది.

కెమిస్ట్రీలో మూడుసార్లు తప్పాను. చదువు వదిలేసి మా నాయన పక్కన కూర్చుని ఉలి పట్టుకున్నాను. మేం విగ్రహాలు చెక్కే కొట్టం బస్టాండు నుంచి సారు ఇంటికి పోయే దారిలోనే ఉంది. రోజూ ఆరింటికి ఆయన అటే నడిచి వస్తారు. నేను సిగ్గుతో రాళ్ల వెనక దాక్కునేవాణ్ణి. ఆరు నెలలు అట్లా గడిచాయి. ఒక సాయంత్రం ఆయన నేరుగా లోపలికే వచ్చేశారు.

"ఎన్నాళ్లప్పా దాక్కుంటావ్? నువ్వు తప్పింది కెమిస్ట్రీలో. బాటనీలో కాదు గదా."

అప్పుడు నేను చెక్కుతున్నది లక్ష్మీదేవి. ఆమె చేతిలో తామర పువ్వు చూసి, "ఇది గంటె మాదిరి ఉండాది. తామర ఎప్పుడన్నా చూసినావా?" అన్నారు. మా నాయన చెక్కినట్టే చెక్కాను సార్ అన్నాను. మర్నాడు నంద్యాల నుంచి పేపర్లో చుట్టి నాలుగు తామరలు తెచ్చారు. ఒకటి మొగ్గ, ఒకటి సగం విచ్చింది, ఒకటి పూర్తిగా విచ్చింది, ఒకటి రేకులు రాలుతున్నది. బస్సులో గంటసేపు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పూలు అవి. రేకు అంచు లోపలికి ఎట్లా ఒంగుతుందో వేలు పెట్టి చూపించారు. ఈరోజు తమిళనాడు నుంచి కూడా నా తామర కోసం మనుషులు వస్తారంటే అది ఆ నాలుగు పూల చలవే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

ఇక ఆయన పోయిన సంగతి. కిందటేడు ఆగస్టు పదహారున, నంద్యాల ఇంట్లో, పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు. టీచరమ్మ రిటైరయ్యాక వాళ్లు నంద్యాల వెళ్లి కూతురు మేరీ దగ్గర ఉంటున్నారు. నేను చావుకు వెళ్లాను. సమాధుల తోట దాకా పెట్టె మోశాను. కానీ ఆ మొగం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడలేకపోయాను. చూడటమే బతుకుతెరువైనవాణ్ణి, చూడాల్సిన రోజు తల దించుకున్నాను.

తర్వాత ఆరు నెలలకు అన్వర్ వచ్చాడు. నా క్లాస్‌మేటే, నంద్యాల గాంధీచౌక్‌లో బట్టల అంగడి. పాత విద్యార్థులందరూ కలిసి కాలేజీ తోటలో సారు విగ్రహం పెట్టాలనుకున్నారు. ఛాతీ వరకు, నల్లరాతిలో. సారు పోయి సంవత్సరం నిండే రోజున టీచరమ్మ చేత తెర తీయించాలని వాళ్ల ఆలోచన.

"నువ్వు చెక్కకపోతే ఇంకెవరు చెక్కుతారు ఓబులూ?" అన్నాడు. చేతికి ఒక ఫొటో ఇచ్చాడు, రిటైరైన రోజు తీసింది. కోటు, పూలదండ, నిటారుగా చూస్తున్న మొగం.

నాలుగు నెలలు ఇంకో పని ముట్టుకోలేదు. మా పద్ధతిలో మొగం మొదలుపెట్టే ముందు మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తాం. దాన్ని బ్రహ్మసూత్రం అంటాం. ఆ గీతకు ఇటు ఎంతో అటూ అంతే ఉండాలి, నువ్వుగింజంత తేడా వచ్చినా ఆ రాయి పూజకు పనికిరాదు. మా తాతల నుంచి వస్తున్న కొలత అది. ఆ కొలతతోనే సారును చెక్కాను. పూర్తయిన మర్నాడు పొద్దున కొట్టంలోకి వచ్చి చూస్తే విగ్రహం తల మీద బంతిపువ్వు. నా భార్య మహానందమ్మ రోజూ పూర్తయిన విగ్రహాలన్నిటికీ తలా ఒక పువ్వు పెడుతుంది. దీనికీ పెట్టేసింది.

"అది సారు గదనే," అన్నాను.

"అవునా? ఎవురో దేవుడనుకుంటి," అని తీసేసింది.

అప్పుడే నాకు బుర్ర వెలగాలి. వెలగలేదు. పైగా పొగడ్తగా తీసుకుని రెండు రోజులు మీసం తిప్పుకున్నాను.

జూలై చివర్లో అన్వర్ తన కారులో టీచరమ్మను, మేరీని తీసుకొచ్చాడు. టీచరమ్మకు డెబ్బై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులున్నా కుర్చీ వద్దంది. విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, ఎదురుగా వచ్చి నిలబడి చాలాసేపు చూసింది.

"శానా బాగుండాది ఓబులూ," అంది. "ఎవరిది?"

అన్వర్ దగ్గాడు. మేరీ "అమ్మా" అంది. నాకు మొగం మీద కొట్టినట్టయింది. కోపం కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు. ఫొటో తీసి విగ్రహం పక్కన పెట్టాను. ముక్కు చూడండి, నుదురు చూడండి, అంతా సరిపోయింది గదమ్మా అన్నాను.

"ఫొటోకు సరిపోయింది. దేవుని మాదిరి కూడా ఉండాడు. కానీ నేను చేసుకునింది ఈయన్ను కాదప్పా."

"యాడ తేడా ఉండాదో చెప్పమ్మా, సరిచేస్తా."

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "అదే చెప్పలేకుండా ఉండా ఓబులూ. సంవత్సరంగా గోడకు ఈ ఫొటోనే చూస్తాండా. చూసీ చూసీ కళ్లు మూసుకున్నా ఈ ఫొటో మొగమే వస్తాండాది. నలభై ఆరేళ్లు పక్కన ఉన్న మనిషి అసలు మొగం పోతాండాది నాకు. మొక్కేదానికి విగ్రహం మాకు వద్దు, మా మతంలో అది లేదు. నీ చేతిలోనన్నా ఆయన మొగం ఉంటాది, ఒకసారి చూసుకుందామని వచ్చినా."

ఆ మాటతో నా కోపం చచ్చిపోయింది. పదిహేడు రోజులే ఉన్నాయి. అన్వర్ కార్డులు కూడా అచ్చు వేయించేశాడు. ఇదే ఉంచేద్దాం, జనానికి నచ్చుతుందిలే అన్నాడు కారు దగ్గరికి పోతూ నాతో మెల్లగా. నోరు మూసుకుని పో అన్నాను.

రెండు రోజులు విగ్రహం ఎదురుగా ఉత్త చేతులతో కూర్చున్నాను. తప్పు ఎక్కడుందో తెలుసు నాకు. దేవుడి మొగం ఎవరూ చూసింది కాదు, అందుకే దానికి కొలత. సారు మొగాన్ని మూడేళ్లు ప్రతి వారం, ఆ తర్వాత సాయంత్రాలు చూసినవాణ్ణి, కొలత పెట్టుకుని చెక్కాను. పురుగు బొక్క తీసేసిన ఆకే ఇదీ. ఆ బొక్క ఎక్కడుందో మాత్రం ఎంత తలకొట్టుకున్నా గుర్తుకు రాలేదు. మూడో రోజు నంద్యాల బస్సెక్కాను.

ఇంట్లో మేరీ ఉంది. టీచరమ్మ వంటింట్లో ఉంది. భుజాల కొలతకు సారు చొక్కా ఒకటి కావాలన్నాను. అది సాకే, నిజానికి ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. మేరీ బీరువాలోంచి దాచుకున్న రెండు చొక్కాలు తెచ్చింది. అవి చూస్తూ వాళ్ల నాన్న సంగతులు చెప్పుకొచ్చింది. టీచరమ్మ తల్లికి సేవ చేసి బడికి పరుగెత్తేసరికి, పొద్దున మేరీకి జడలు వేయడం సారు వంతు. ఒక జడ పైకి, ఒక జడ కిందికి వచ్చేవట. బడిలో అందరూ నవ్వుతున్నారని ఏడిస్తే, "చెట్టుకు ఆకులన్నీ ఒక ఎత్తులోనే ఉంటాయా అమ్మా?" అని కిటికీలోంచి వేపకొమ్మ చూపించేవారట. పదో తరగతి దాకా ఆ వంకర జడలతోనే బడికి పోయానని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

నేను చొక్కా జేబు చూస్తున్నాను. అడుగు మూలలో గోధుమరంగు మరక. వేలు పెడితే రెండు లవంగాలు తగిలాయి. వాసన ముక్కుకు తగలగానే సారు బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. కళ్లలోకి చూసే ధైర్యం లేక మూడేళ్లు నేను ఎక్కడ చూశాను? ఆయన చెంప వైపు. ఎడమ చెంప. అది ఎప్పుడూ కొంచెం ఉబ్బి ఉండేది.

"మేరీ, సారు లవంగం బుగ్గలో పెట్టుకునేవారు గదా?"

"ఎప్పుడూ. దవడ పన్ను ఒకటి నొప్పి. పీకించుకోమంటే భయం. మొక్కల కోసం పాములుండే పొదల్లో దూరే మనిషి, పళ్ల డాక్టర్ దగ్గరికి మాత్రం పోడు. ముప్పై ఏళ్లు లవంగంతోనే లాగించినాడు."

"మరి ఫొటోలో చెంప సమంగా ఉండాదే?"

"ఫొటో అంటే అమ్మ ఊరుకోదు గదన్నా. బుగ్గలో ఏందో పెట్టుకున్నట్టు పడతాదని ముందే అనేది, ఉమ్మేయండి, ఫొటో తీస్తాండారు అని. నాన్న వెళ్లి ఉమ్మేసి వచ్చి నిలబడేవాడు. మా ఇంట్లో ఒక్క ఫొటోలో కూడా లవంగం లేదు."

అమ్మకు చెప్పొద్దని మేరీ దగ్గర మాట తీసుకున్నాను. చెప్తే టీచరమ్మ చెంప కోసం వెతుకుతుంది. వెతక్కుండా కనపడితేనే అది సారు. ఒక లవంగం అడిగి జేబులో వేసుకుని బస్సెక్కాను. శిరివెళ్ల దగ్గర ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న పెద్దాయన, ఎవరో పోయినట్టుందిలే అనుకుని నీళ్ల సీసా ఇచ్చాడు.

మట్టి బొమ్మైతే చెంప మీద ఇంత మట్టి అతికిస్తే సరిపోయేది. రాతికి అతికించేది లేదు, తీసుకుంటూ పోవడమే. ఎడమ చెంప నిండుగా కనపడాలంటే ఆ ఒక్కదాన్నీ ముట్టుకోకుండా, మిగతా మొగమంతా ఒక పొర లోపలికి తీయాలి. కుడి చెంప, గడ్డం, ముక్కు, నుదురు, అన్నీ. ఉలి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ముక్కు పోతుంది. ఇంకో రాయి లేదు, ఇంకో రాయికి వ్యవధీ లేదు. పది రోజులు మెషిన్ ముట్టుకోకుండా చేతి ఉలితోనే తీశాను. లవంగం నా బుగ్గలో పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. పెదవులు ఒక పక్కకు ఎట్లా లాగుతాయో, కన్ను ఎట్లా కొంచెం చిన్నదవుతుందో అప్పుడు తెలిసింది. దేవుళ్లకు పెట్టే నవ్వు తీసేశాను. బ్రహ్మసూత్రానికి ఇటొక లెక్క, అటొక లెక్క అయింది. మా నాయన బతికి ఉంటే ఆ ఉలి లాక్కుని నన్ను బయటికి తోసేవాడు. తోయనీ అనుకున్నాను.

పూర్తయిన మర్నాడు పొద్దున మహానందమ్మ పూల గంప తీసుకుని వచ్చింది. లక్ష్మికి పెట్టింది, ఆంజనేయుడికి పెట్టింది, సారు దగ్గరికి వచ్చి ఆగింది. కొంగు సర్దుకుని, పువ్వు పెట్టకుండానే ముందుకు పోయింది.

విగ్రహాన్ని ముందే చూడమని అన్వర్ అడిగితే టీచరమ్మ రానందట. మళ్లీ ఆ ఫొటో మనిషే ఉంటే రెండోసారి తట్టుకోలేనని మేరీతో అందట. ఆగస్టు పదహారున పొద్దున పది గంటలకు కాలేజీ తోటలో కూడాం. వందమంది దాకా వచ్చారు. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. పెద్దవాళ్లు మాట్లాడారు, సారు పేరు వెనక ఉన్న డిగ్రీలన్నీ చదివారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నా కళ్లన్నీ టీచరమ్మ మీదే ఉన్నాయి. ఆమె తల వంచుకుని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ఆమెను లేపి తాడు చేతికిచ్చారు. తెర జారింది. చప్పట్లు కొట్టారు. టీచరమ్మ తలెత్తి చూసింది. ఆమె మొగంలో ఏ మార్పూ లేదు. నవ్వలేదు, ఏడవలేదు. ఈసారీ కాదేమో అనుకున్నాను. ఇంతలో ఫొటోగ్రాఫర్ ముందుకొచ్చి, అమ్మా, మీరూ మీ అమ్మాయీ విగ్రహానికి అటూ ఇటూ నిలబడండి అన్నాడు. టీచరమ్మ వెళ్లి ఎడమ పక్కన నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. కెమెరా వైపు చూడబోయి, పక్కకు తిరిగి రాతి మొగాన్ని చూసి, విసుగ్గా, ఇంట్లో చెప్పినట్టే చెప్పింది.

"ముందు ఆ లవంగం ఉమ్మేయండి. ఫొటో తీస్తాండారు."

ఆమెకు తానేం అన్నదీ ఒక క్షణం తెలియలేదు. తెలిశాక చెయ్యెత్తి ఆ ఎడమ చెంప మీద బొటనవేలు పెట్టి, అట్లాగే ఉండిపోయింది. మేరీ తల్లి భుజం పట్టుకుంది. అన్వర్ చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఫొటోగ్రాఫర్ ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. తియ్యి నాయనా అన్నాను.

సారు ఉమ్మేయలేదు. ఫొటో అట్లాగే తీశారు.